గోల్‌బజార్ నుంచి ఒక డిమాండ్: ఫ్రెంచ్‌నూ మేనేజ్‌మెంట్‌నూ ఒకే తరగతి గదికి తెండి

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో మా పెదనాన్నకు చెప్పుల కొట్టు ఉంది. గుమ్మంలోకి వచ్చిన మనిషి నోరు తెరిచేలోపే ఏ భాషలో బేరం మొదలుపెట్టాలో ఆయనకు తెలిసిపోతుంది. బడి టీచరమ్మకు బెంగాలీ, లైన్ మీద పనిచేసే బీహారీ అన్నకు హిందీ, పూజకు కొత్త జోళ్లు కొనడానికి వచ్చిన ఒడియా కుటుంబానికి ఒడియా, మథురాకాఠీ, నింపురా కాలనీల నుంచి వచ్చిన మనవాళ్లకు శ్రీకాకుళం తెలుగు. భాషలు నాలుగు, గల్లాపెట్టె ఒక్కటే. రైల్వే జీతాలు పడే తేదీని బట్టి ఎవరికి ఎంత అరువు ఇవ్వాలో, దుర్గాపూజకు ఎన్ని జతలు ముందే తెప్పించి పెట్టుకోవాలో, ఏ సైజు మిగిలిపోతుందో ఆయన కాగితం చూడకుండా చెబుతాడు. చదివింది ఏడో తరగతి.

నేను ఫ్రెంచ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎంఏ రెండో ఏడాది సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పెదనాన్న కొట్టులో కూర్చోబెట్టి అడిగాడు: "ఏటే, కలకత్తా సేటుకి ఉత్తరం రాయాల. సరుకు నెల లేటయ్యింది. సగం జతలు సైజు తప్పొచ్చాయి. ఆ డబ్బు తగ్గించుకోవాల. నీ ఫ్రెంచ్‌లో రాయగలవా?"

సేటుకు ఫ్రెంచ్ రాదని ఆయనకూ తెలుసు. నన్ను పరీక్షిస్తున్నాడు, అంతే. నేనూ సరదాగానే మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. మోలియేర్ నాటకాల మీద, కామూ నవలల మీద వ్యాసాలు రాసిన నాకు, గడువు తప్పిన సరుకుకు పరిహారం అడిగే మాటలు నిఘంటువులో వెతకాల్సి వచ్చింది. మాటలు దొరికాక ఇంకో చిక్కు. తప్పిన జతల ధరను బిల్లులోంచి ఎలా తీసేయాలి, కట్టిన పన్నును ఏం చేయాలి అన్నది నాకు ఏ భాషలోనూ తెలియదు. పెదనాన్న నవ్వేసి హిందీలో చెబుతూ పోయాడు. నేను రాసిపెట్టాను.

గోల్‌బజార్ కొట్టులో ఒకే మనిషిలో కలిసి ఉన్న భాష, వ్యాపారం విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి ఎందుకు విడిపోయాయి? అవి విడిపోవడం వల్ల నష్టపోతున్నది ఎవరు? ఈ రెండు ప్రశ్నలూ నన్ను అప్పటి నుంచీ వదల్లేదు.

మెట్లు లేని ఉద్యోగం

ఫ్రెంచ్ ఎంఏ పూర్తిచేసిన మా బ్యాచ్‌లో సగం మంది హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో చేరారు. అక్కడ దాన్ని 'ఫ్రెంచ్ ప్రాసెస్' అంటారు. ఫ్రాన్స్‌లోనో బెల్జియంలోనో ఉన్న ఖాతాదారుల బిల్లులు సరిచూడటం, వాళ్ల మెయిళ్లకు జవాబులు ఇవ్వడం, ఫోన్ ఎత్తడం. మొదటి జీతం బాగానే ఉంటుంది. భాష వచ్చినందుకు కొంత అదనంగా కూడా ఇస్తారు. నాలుగేళ్ల తర్వాత కలిస్తే అదే కుర్చీ, అదే పని. వాళ్ల మీద కూర్చున్న మేనేజర్‌కు ఫ్రెంచ్‌లో ఒక్క ముక్క రాదు. ఆయన దగ్గర ఎంబీఏ ఉంది. ఎవరు ఎక్కడికి వెళ్లాలో, ఎవరి జీతం పెరగాలో నిర్ణయించేది ఆయనే.

నేనూ ఒకచోట ఇంటర్వ్యూకు వెళ్లాను. అరగంట ఫ్రెంచ్‌లో మాట్లాడించి మెచ్చుకున్నారు. తర్వాత ఒక బ్యాలెన్స్ షీట్ నా ముందు పెట్టి, ఈ కంపెనీకి మీరైతే అప్పు ఇస్తారా అని అడిగారు. నోట మాట రాలేదు. వాళ్లను తప్పుపట్టను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే చదువు నాకు ఎవరూ చెప్పలేదు.

రైల్వే ఊరి పిల్లను కాబట్టి ఇక్కడ ఒక సభ గుర్తుకొస్తుంది. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల మహాసభ జరిగింది. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం ఈ రెండూ కార్మికుల శత్రువులని బాబాసాహెబ్ అంబేద్కర్ చెప్పింది అక్కడే. ఆ మాట మనందరికీ తెలుసు. అదే ప్రసంగంలో ఆయన ఎత్తిచూపిన ఇంకో సంగతిని తక్కువగా తలుచుకుంటాం. రైల్వేలో అంటరాని కులాల కార్మికుడు గ్యాంగ్‌మన్‌గా చేరి, పైకి వెళ్లే ఆశ లేకుండా గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడని ఆయన అన్నారు. ఉద్యోగంలోకి రావడం ఒకటి, ఉద్యోగంలో మెట్లు ఉండటం మరొకటి అన్న తేడాను ఆయన కార్మికుల ముందు పెట్టారు.

ఏసీ గదిలో బిల్లులు చూసే అమ్మాయి కష్టాన్ని ఎండలో పట్టాల మీద సుత్తి పట్టిన మనిషి కష్టంతో సమానం చేయడం లేదు. అది మా తాతను అవమానించడమే అవుతుంది. నిచ్చెన మాత్రం అదే. మొదటి మెట్టు దగ్గరే మనల్ని ఆపేస్తుంది. పైగా ఈ కొత్త ఉద్యోగాలన్నీ ప్రైవేటు రంగంలో ఉన్నాయి. అక్కడ రిజర్వేషన్ లేదు. మెట్లు ఎక్కే అర్హతను చదువు దగ్గరే సంపాదించుకోకపోతే తర్వాత అడగడానికి చోటు కూడా ఉండదు.

బాబాసాహెబ్ చదివిన తీరు

1913 నుంచి 1916 వరకు కొలంబియా విశ్వవిద్యాలయంలో బాబాసాహెబ్ తీసుకున్న కోర్సుల జాబితా చూడండి. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3. చివర్లో ప్రాథమిక ఫ్రెంచ్ ఒకటి, ప్రాథమిక జర్మన్ ఒకటి. బొంబాయి హైస్కూల్లో కులం కారణంగా సంస్కృతం చదవనివ్వకపోతే పర్షియన్ తీసుకున్న విద్యార్థి ఆయన. ఏ భాష ఎవరిది అన్న లెక్క ఎంత క్రూరమైనదో ఆయనకు ఒంటి మీద తెలుసు. అర్థశాస్త్రం పక్కన యూరప్ భాషలు పెట్టుకుని చదివింది అందుకు ముచ్చటపడి కాదు, పనికోసం. 1921లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి తన దరఖాస్తును జర్మన్‌లోనే రాసుకోగలిగారు.

తిరిగి వచ్చాక 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆచార్యుడిగా చేరారు. అది వాణిజ్య విద్య కోసం పెట్టిన కాలేజీ. అంటే మన దేశంలో వ్యాపార విద్య చెప్పిన తొలితరం అధ్యాపకుల్లో బాబాసాహెబ్ ఒకరు. అదే కాలేజీలో తోటి అధ్యాపకులు ఆయన ఉమ్మడి కుండలో నీళ్లు తాగడానికి అభ్యంతరం చెప్పారు. వాటాల పెట్టుబడి మీద సలహాలు ఇచ్చే చిన్న సంస్థ పెడితే, కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు.

ఈ రెండు సంగతులూ కలిపి చదవాలి. భాషా లెక్కా రెండూ వచ్చినంత మాత్రాన కులం తలుపు తీయదు. అవి రాకపోతే తలుపు దాకా కూడా వెళ్లలేం. ఒకరిద్దరు తెలివైన పిల్లలు సొంతంగా ఈ రెండు చదువులూ కలుపుకుంటే సరిపోదని, సంస్థలే కలపాలని నేను అంటున్నది అందుకే.

ఒప్పందం ఎవరు రాస్తారు

ఫ్రెంచ్‌తో తెలుగువాళ్ల పరిచయం కొత్తది కాదు. 1828లో యానాం నుంచి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవికి, అంటే ఇప్పటి రియూనియన్‌కు, తీసుకెళ్లారు. చెరకు తోటల్లో పనికి. ఆ ఒప్పందం రాసినవాళ్లు వేరు, దానికి ఒళ్లు అప్పగించినవాళ్లు వేరు. యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. మా బెంగాల్‌లో చందన్‌నగర్ 1950 దాకా ఉంది. అక్కడ ఫ్రెంచ్ చదివి గుమస్తాలు, వకీళ్లు అయిన కుటుంబాలు ఏవో, తోటల్లోకి ఓడలెక్కిన కుటుంబాలు ఏవో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇప్పటి సంగతి. 2015లో భారతీయ రైల్వే ఫ్రెంచ్ కంపెనీ ఆల్‌స్టామ్‌తో ఒప్పందం చేసుకుంది. బీహార్‌లోని మధేపురాలో 12,000 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ ఇంజన్లు 800 తయారు చేయాలన్నది ఆ ఒప్పందం. తిరుపతి వైపు శ్రీసిటీలో అదే కంపెనీ మెట్రో పెట్టెలు చేస్తోంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మూడు తరాలుగా ఇనుముతో బతికిన మా కాలనీలకు ఇంజన్ ఎలా నడుస్తుందో తెలుసు. ఇంజన్ కొనే ఒప్పందం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు మాలో ఎంతమంది?

ఇక్కడ నిజం దాచకూడదు. ఇలాంటి పెద్ద కంపెనీలు మన దేశంలో చాలా పనులు ఇంగ్లీషులోనే చేసుకుంటాయి. ఫ్రెంచ్ వస్తే ఉద్యోగం ఖాయమని చెప్పే కోచింగ్ సెంటర్ల మాట నమ్మొద్దు. ఫ్రెంచ్‌కు గట్టి అవసరం ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. ఆఫ్రికాలో, ఎక్కువగా పశ్చిమ, మధ్య ప్రాంతాల్లో, 17 దేశాలు 'ఒహాడా' అనే ఉమ్మడి వ్యాపార చట్టం కింద ఉన్నాయి. 1993 ఒప్పందంతో మొదలైన ఆ చట్టం పుట్టింది, నడిచింది ప్రధానంగా ఫ్రెంచ్‌లోనే. సెనెగల్‌కో ఐవరీ కోస్ట్‌కో హైదరాబాద్ నుంచి మందులు పంపాలంటే రిజిస్ట్రేషన్ కాగితాలు, డబ్బా మీది వివరాలు, లోపలి కరపత్రం ఫ్రెంచ్‌లో కావాలి. ఆ కాగితాలను అనువదించే మనిషికి ఒక జీతం. అనువదించి, ధర కట్టి, పంపిణీదారుతో బేరమాడి, డబ్బు రాబట్టగలిగే మనిషికి వేరే జీతం. మన పిల్లలు రెండో మనిషి కావాలి.

గోడ ఎక్కడుంది

ఇందులో ఎవరికీ తెలియని రహస్యమేమీ లేదు. ఫ్రాన్స్‌లోనే 1955 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో 'ఐఏఈ' అనే మేనేజ్‌మెంట్ విభాగాలు పెట్టారు. సాహిత్యం, సైన్స్, న్యాయశాస్త్రం చదివినవాళ్లకు దాని మీద రెండో నైపుణ్యంగా మేనేజ్‌మెంట్ నేర్పడం వాటి పని. 1970ల నుంచి అక్కడి విశ్వవిద్యాలయాల్లో రెండు విదేశీ భాషలతో పాటు ఆర్థికం, న్యాయం, నిర్వహణ కలిపి చెప్పే డిగ్రీ కూడా ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం చేయగలిగిన పనే ఇది.

మన దగ్గర సామాను అంతా ఉంది, కలిపే చేయి లేదు. హైదరాబాద్ ఇఫ్లూ విదేశీ భాషల కోసమే ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయం. అదే నగరంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ స్కూలు ఉంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఫ్రెంచ్ శాఖా మేనేజ్‌మెంట్ స్కూలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. జేఎన్‌యూలోనూ అంతే. అక్కడ భాషల కేంద్రంలో వందల్లో ఉండే ఫీజు, మేనేజ్‌మెంట్ స్కూలు గుమ్మం దాటగానే లక్షల్లోకి వెళ్తుంది. ఆ రెండు భవనాల మధ్య ఉన్న దూరం అడుగుల్లో తక్కువ, రూపాయల్లో ఎక్కువ. మా గోల్‌బజార్ నుంచి సైకిల్ మీద వెళ్లగలిగే దూరంలో ఐఐటీ ఉంది. అందులో 1993 నుంచి వినోద్ గుప్తా మేనేజ్‌మెంట్ స్కూలు ఉంది. ఆ గేటు లోపలికి పనికి వెళ్లే దారి మా పేటలకు బాగా తెలుసు. క్లాసుకు వెళ్లే దారి తెలియాలి.

డబ్బున్నవాళ్లు ఈ రెండింటినీ ఇప్పటికే కలుపుకుంటున్నారు. పిల్ల ఇంటర్‌లో ఉండగానే ప్రైవేటు సంస్థలో ఫ్రెంచ్, తర్వాత ప్రైవేటు కాలేజీలో బీబీఏ, ఆ తర్వాత పారిస్ బిజినెస్ స్కూలు. 2030 నాటికి ఏటా 30,000 మంది భారతీయ విద్యార్థులు రావాలని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2024 జనవరిలో ప్రకటించారు. ఆ 30,000లో మనవాళ్లు ఎంతమంది ఉంటారు? 2019లో ఫ్రాన్స్ తన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనే యూరప్ బయటివాళ్లకు మాస్టర్స్ ఫీజును ఏడాదికి 3,770 యూరోలకు పెంచింది. పేరున్న బిజినెస్ స్కూళ్లలో దానికి ఎన్నో రెట్లు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే విదేశీ విద్యా స్కాలర్‌షిప్పు క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500 సంస్థలకు ముడిపడి ఉంది. ఒకే రంగం బోధించే బిజినెస్ స్కూళ్లు ఆ సాధారణ జాబితాలో మామూలుగా కనిపించవు. ఇక ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్‌కు 15(5) అధికరణ 2006 నుంచి దారి తెరిచినా, వాటన్నిటినీ కట్టడి చేసే కేంద్ర చట్టం రాలేదు.

ఖరగ్‌పూర్ తెలుగు దళితులకు ఇంకో గోడ ఉంది. మాల, మాదిగ కులాల పేర్లు పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో లేవు. రాష్ట్రం మారితే ఆ హోదా వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కూడా ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన ఒక గిరిజన విద్యార్థి మెడికల్ సీటు గొడవే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నాటికి కుటుంబం శాశ్వత నివాసం ఎక్కడ ఉందన్నది చూస్తారు. మా తాత 1950ల మధ్యలో వచ్చాడు కాబట్టి నాన్నకు శ్రీకాకుళం నుంచి సర్టిఫికెట్ దొరికింది. దానితోనే నేను కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాను. మా వెనక క్వార్టర్‌లో ఉన్న నా స్నేహితురాలి తాత పదేళ్ల ముందు వచ్చాడు. ఆమె నాకంటే బాగా చదివేది. సర్టిఫికెట్ లేదు. ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటోంది. పదేళ్ల ముందు రైలెక్కినందుకు ఒక తాత తన మనవరాలి సీటు పోగొట్టాడు. ఏ కోర్సు పెట్టినా ఈ లెక్క తేలకపోతే మా కాలనీకి వచ్చేది సగమే.

మనవాళ్లే అడిగే రెండు ప్రశ్నలు

తెలుగు బడులే నిలబడని చోట ఫ్రెంచ్ ఎందుకని ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. అది బడిలో, ఆఫీసులో కనబడేదాకా పోరాడాల్సిందే. అయితే తెలుగు నిలవాలంటే తెలుగు పిల్లలు నిలవాలి. మా పెదనాన్న బెంగాలీ నేర్చుకున్నందుకు తెలుగు మర్చిపోలేదు. ఫ్రెంచ్ నేర్చుకోవడం అంటే ఫ్రాన్స్‌కు మొక్కడం కాదు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం తాను ఫ్రెంచ్ విప్లవం నుంచి అరువు తెచ్చుకోలేదని, తన గురువు బుద్ధుడి నుంచి తీసుకున్నానని బాబాసాహెబ్ 1954 ఆకాశవాణి ప్రసంగంలో స్పష్టంగా చెప్పారు. ఆ భాష చదివినవాడే ఆ మాట అంత ధీమాగా చెప్పగలిగాడు.

ఎంబీఏ అంటే పెట్టుబడిదారుకు ఊడిగం కదా అన్నది రెండో ప్రశ్న. అడిగినవాడు నా తోటి స్కాలరే. మన్మాడ్ ప్రసంగాన్ని నాకు గుర్తుచేశాడు. నేను అతనికి చెప్పింది ఇదీ: లెక్క పుస్తకం చదవడం రానివాడు మోసాన్ని పట్టుకోలేడు. యూనియన్‌కు, సహకార సంఘానికి, బస్తీ ఆడవాళ్ల పొదుపు సంఘానికి, ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులు ఎటు పోయాయో అడిగే కార్యకర్తకు, అందరికీ నిర్వహణ తెలిసినవాళ్లు కావాలి. రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన నాయకుడి వారసులం డబ్బు లెక్కలంటే మైలపడతామని అనుకోవడం వింతగా ఉంటుంది.

ఏం అడగాలి

నా డిమాండ్లు నాలుగు. ఒకటి, విదేశీ భాషల శాఖ, మేనేజ్‌మెంట్ స్కూలు రెండూ ఉన్న ప్రతి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉమ్మడిగా రెండేళ్ల మాస్టర్స్ పెట్టాలి. ఫీజు భాషా శాఖ ఫీజే ఉండాలి. రెండు, అందులో రిజర్వేషన్ సీట్లు ఖాళీగా మిగిలిపోకుండా, ఫ్రెంచ్ ముందు రాని పిల్లలకు ఒక ఏడాది ఉచిత సన్నాహక తరగతి ఉండాలి. భాష ముందే రావాలన్న షరతు పెడితే ఆ సీటు డబ్బున్నవాళ్లకు రాసిచ్చినట్టే. మూడు, విదేశీ విద్యా స్కాలర్‌షిప్పుకు సాధారణ ర్యాంకుతో పాటు సబ్జెక్టు ర్యాంకును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు, తరాల క్రితం రాష్ట్రం దాటిన కార్మికుల పిల్లలకు కనీసం కేంద్ర సంస్థల్లోనైనా ఎస్సీ హోదా నిలిచేలా పార్లమెంటు చట్టం చేయాలి.

ఇవి వచ్చేలోగా డిగ్రీలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతి ఇచ్చింది. పగలు ఫ్రెంచ్ ఎంఏ, దూరవిద్యలో ఇగ్నో ఎంబీఏ కుదురుతాయి. పీహెచ్‌డీకి ఆ వెసులుబాటు లేదు. అందుకే నేను ఆలస్యమయ్యాను, మీరు కావద్దు. ఎంఏ పూర్తయ్యేలోగా డెల్ఫ్ బీ2 స్థాయి సర్టిఫికెట్ తెచ్చుకోండి. పారిస్ వాణిజ్య మండలి వ్యాపార ఫ్రెంచ్‌కు విడిగా పరీక్ష పెడుతుంది, దాని మాదిరి ప్రశ్నలు చూడండి. బ్యాలెన్స్ షీట్ చదవడం మీ వీధి కొట్టు లెక్కలతో మొదలుపెట్టండి.

నేనూ అలాగే మొదలుపెట్టాను. మొన్న సెలవుల్లో పెదనాన్న అరువు పుస్తకం తీసి, పోయిన పూజ నుంచి ఈ పూజ దాకా రాబడి, బకాయి, మిగులు సరుకు వేరువేరుగా రాశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఇంత డబ్బు బయటుందా?" అన్నాడు. తర్వాత కొట్టు మూసేస్తూ అడిగాడు: "ఇదంతా ముందే నేర్పితే ఏం పోయిందే, ఆళ్లకి?"

ఆ ప్రశ్నను విశ్వవిద్యాలయాల ముందు పెడుతున్నాను.

జై భీమ్.